దెయ్యాల కొంపలో డ్రమ్ముల మోత

ఆల్బమ్ రికార్డింగ్ కోసం ఒక రాక్ బ్యాండు పాత బంగళా అద్దెకు తీసుకుంటుంది. హాల్లో డ్రమ్స్ మోత వినగానే అందరికీ మతి పోతుంది. ఆ మోతతో పాటు ఇంట్లో ఉన్న దెయ్యం కూడా వచ్చి నెత్తినెక్కుతుంది. 'స్టూడియో 666' కథ ఇంతే. 2022 ఫిబ్రవరి 25న అమెరికా థియేటర్లకు వచ్చిన ఈ హారర్ కామెడీలో ఫూ ఫైటర్స్ బ్యాండులోని ఆరుగురూ, అంటే నాయకుడు డేవ్ గ్రోల్, డ్రమ్మర్ టేలర్ హాకిన్స్, నేట్ మెండెల్, ప్యాట్ స్మియర్, క్రిస్ షిఫ్లెట్, రామి జాఫీ, తమ సొంత పేర్లతోనే నటించారు. కథ గ్రోల్‌ది. దర్శకుడు బీజే మెక్‌డానెల్. ఆయన కెమెరా ఆపరేటర్‌గా పేరు తెచ్చుకుని, స్లేయర్ బ్యాండుకి నెత్తుటి వీడియోలు తీసిన మనిషి. సినిమా పెద్దగా ఆడలేదు. 106 నిమిషాల నిడివిలో ఓ ఇరవై నిమిషాలు కోసేసినా నష్టం లేదు. అయినా దీని గురించి ఇంత రాయడానికి కారణం ఉంది. రికార్డింగ్ వృత్తిలో తరాలుగా నడుస్తున్న ఒక మూఢనమ్మకాన్ని ఇది పట్టుకుంది. "సౌండ్ ఇచ్చేది ఇల్లే" అన్నదే ఆ నమ్మకం.

నమ్మకం పూర్తిగా గాలికబురు కూడా కాదు. లెడ్ జెప్లిన్ బ్యాండు నాలుగో ఆల్బమ్‌లో 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాట మొదట్లో వచ్చే డ్రమ్స్ వినండి. ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో, మెట్ల హాలు అడుగున డ్రమ్స్ పెట్టి, పైఅంతస్తు నుంచి రెండు బేయర్‌డైనమిక్ ఎం160 మైకులు వేలాడదీశాడు ఇంజనీర్ ఆండీ జాన్స్. డ్రమ్ పక్కన మైకు లేదు. మనం వింటున్నది డ్రమ్ము కొట్టిన చప్పుడు కాదు, ఆ చప్పుడుకి మెట్ల హాలు పలికిన జవాబు.

ఇందులో భౌతికశాస్త్రం చిన్నదే. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. మైకు మూడు మీటర్ల దూరంలో ఉంటే చప్పుడు దాదాపు 9 మిల్లీసెకన్లకు చేరుతుంది. ఎత్తైన కప్పు, గట్టి గోడలు, చెక్క నేల ఉన్న హాల్లో గోడల నుంచి తిరిగొచ్చే మోత ఇంకొంచెం ఆలస్యంగా, దశలు దశలుగా వస్తుంది. దాంతో దెబ్బ దెబ్బగానే వినపడి, దాని వెనక తోకలా మోత సాగుతుంది. అదే ఎనిమిది అడుగుల కప్పున్న గదిలో కొడితే తిరుగుమోత మరీ తొందరగా వచ్చి అసలు చప్పుడు మీదే పడుతుంది. కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టుకుపోతాయి. రేకు డబ్బా మీద కొట్టినట్టుంటుంది. డ్రమ్మర్లు అద్దె ఇంటికి వెళ్లగానే ముందు హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి చెవులు రిక్కించేది ఇందుకే. పడకగదులెన్ని, నీళ్లొస్తాయా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

ఇక దెయ్యాల సంగతి. 1973లో బ్లాక్ సబ్బాత్ బ్యాండుకి కొత్త రిఫ్‌లు, అంటే పాటని నడిపే గిటార్ వరసలు, తట్టక ఇంగ్లండ్‌లోని క్లియర్‌వెల్ కోటలో దిగారు. అక్కడి నేలమాళిగలో గిటారిస్టు టోనీ అయోమీకి మళ్లీ చెయ్యి తిరిగింది, దెయ్యాన్ని చూశామన్న కబుర్లూ అక్కడి నుంచే మొదలయ్యాయి. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ 1991 ఆల్బమ్‌ని లాస్ ఏంజెలెస్‌లోని లారెల్ కేన్యన్ బంగళాలో చేసినప్పుడు మిగతావాళ్లు అక్కడే మకాం పెడితే, డ్రమ్మర్ చాడ్ స్మిత్ మాత్రం రాత్రి అక్కడ పడుకోనని రోజూ ఇంటి నుంచి వచ్చిపోయాడు. నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండు నాయకుడు ట్రెంట్ రెజ్నర్ అయితే 1969లో మ్యాన్సన్ ముఠా హత్యలు జరిగిన సియెలో డ్రైవ్ ఇంట్లోనే స్టూడియో పెట్టాడు. అది నవ్వుకునే విషయం కాదు గానీ, ఈ సినిమా కథ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ వరస తెలియాలి. కొత్త పాట తట్టని నాయకుడు, చావులు చూసిన ఇల్లు, మోత బాగుందని ఆ సంగతి పట్టించుకోని బ్యాండు. అన్నీ ఎక్కడో ఒకచోట నిజంగా జరిగినవే. సినిమా తీసింది కూడా ఫూ ఫైటర్స్ తమ పదో ఆల్బమ్ 'మెడిసిన్ ఎట్ మిడ్‌నైట్' రికార్డు చేసిన ఇంట్లోనే, లాస్ ఏంజెలెస్‌లోని ఎన్‌సినోలో. 2020 మొదట్లో షూటింగ్ మొదలుపెట్టి, కొవిడ్‌తో ఆపేసి, తర్వాత పూర్తిచేశారు. అంతా గుట్టుగానే.

కథలో 1993లో ఆ ఇంట్లో డ్రీమ్ విడో అనే బ్యాండు హత్యకు గురై ఉంటుంది. వాళ్లు సగంలో వదిలేసిన పాటే ఇప్పుడు గ్రోల్‌ని పూనుతుంది. ఇక్కడి నుంచి జోకులన్నీ వృత్తి జోకులే. రాయడానికి ఏమీ తట్టని గ్రోల్ పియానో ముందు కూర్చుని తన్మయంగా వాయిస్తుంటే, గాయకుడు లయనెల్ రిచీ ప్రత్యక్షమై అది తన పాటని తిట్టిపోస్తాడు. పాటలు కట్టేవాళ్లందరికీ ఉండే భయం అది. అర్ధరాత్రి తట్టిన అద్భుతమైన ట్యూన్ తెల్లారేసరికి ఎవరిదో తేలుతుంది. ఇంకోచోట గ్రోల్ తాను కొత్త స్వరం కనిపెట్టానంటాడు, దాని పేరు ఎల్ షార్ప్. పాశ్చాత్య సంగీతంలో అక్షరాలు ఏ నుంచి జీ వరకే. మనవాడెవడైనా సరిగమపదని దాటి ఎనిమిదో స్వరం దొరికిందని కచేరీలో ప్రకటిస్తే ఎలా ఉంటుందో అలా. ఇక ఆ పాట ఎంతకీ పూర్తికాదు, పెరుగుతూనే పోతుంది. స్టూడియోకి గంటల లెక్కన డబ్బు కట్టినవాళ్లకి అసలు హారర్ అక్కడుంది.

మెటల్ సంగీతంలో దెయ్యాన్ని పిలవడానికి వాడే పాత చిట్కా ఒకటుంది. ఆరు అర్ధస్వరాల దూరంలో ఉన్న రెండు స్వరాలని పక్కపక్కన పెట్టడం. బ్లాక్ సబ్బాత్ 1970లో తమ పేరుతోనే వచ్చిన పాటలో చేసింది ఇదే, 'దెయ్యపు స్వరాంతరం' అని దానికి పేరు కూడా పడింది. మన లెక్కలో అది షడ్జం నుంచి ప్రతి మధ్యమం. కల్యాణి రాగం పాడేవాళ్లు రోజూ అదే దూరం ప్రయాణం చేస్తారు, ఒక్క దెయ్యమూ రాదు, పెళ్లిళ్లలో కూడా వాయిస్తారు. భయం స్వరంలో లేదు, మోతలో, మందగమనంలో, గిటార్ తీగల్ని కిందికి దించి అరచేత్తో అదిమి కొట్టడంలో ఉంది. అదే దూరాన్ని గమకంతో జారుస్తూ వెళ్తే మంగళకరంగా ఉంటుంది, ధ్వనిని గరుకుగా మార్చే యాంప్ (యాంప్లిఫయర్) లోంచి తెగ్గొట్టి వదిలితే శ్మశానంలా ఉంటుంది.

నటన మాటకొస్తే, ఆరుగురిలో నిజంగా కెమెరా ముందు ఇబ్బంది లేనిది గ్రోల్‌కి, ప్యాట్ స్మియర్‌కి. మిగతావాళ్లు డైలాగ్ అప్పజెబుతున్నట్టు తెలిసిపోతుంది. ఇది వాళ్ల తప్పు కాదు, మోతాదు తప్పు. ఈ బ్యాండుకి కామెడీ కొత్తేం కాదు. మెంటోస్ ప్రకటనలని ఎగతాళి చేసిన 'బిగ్ మీ', హారర్ సినిమాల్ని అనుకరిస్తూ మిషెల్ గోండ్రీ తీసిన 'ఎవర్‌లాంగ్', విమానంలో అందరూ రకరకాల వేషాలు కట్టిన 'లర్న్ టు ఫ్లై'. అన్నీ బాగా పేలాయి. కానీ అవన్నీ రెండు నుంచి ఐదు నిమిషాల వీడియోలు, వెనక పాట నడుస్తుంటుంది, డైలాగులు దాదాపు లేవు. పాట ఉంటే ముఖంలో వెలితి కనపడదు. పాట తీసేసి అదే మనిషిని వంటింట్లో నిలబెట్టి "ఏదో తేడాగా ఉంది" అనిపించండి, తేడా ఏమిటో ప్రేక్షకుడికి వెంటనే తెలుస్తుంది.

కిస్ బ్యాండు 1978లో ఇదే చేసి నవ్వులపాలైంది. హన్నా-బార్బెరా నిర్మాణంలో ఎన్‌బీసీ టీవీకి తీసిన 'కిస్ మీట్స్ ద ఫాంటమ్ ఆఫ్ ద పార్క్'లో నలుగురికీ మంత్రశక్తులు, మ్యాజిక్ మౌంటెన్ పార్కులో పిచ్చి శాస్త్రవేత్త. అన్నిటికన్నా పెద్ద పొరపాటు డబ్బింగులో జరిగింది. డ్రమ్మర్ పీటర్ క్రిస్ మాటలకి మైకేల్ బెల్ అనే నటుడు గొంతు అరువిచ్చాడు. మన సినిమాల్లో హీరోయిన్‌కి ఇంకొకరి గొంతు అలవాటే కాబట్టి మనకి అంత వింతగా అనిపించకపోవచ్చు. కానీ 'బెత్' పాటతో రెండేళ్లుగా ఆ గొంతుని రేడియోలో వింటున్న అభిమానులకి అది మోసంగానే కనిపిస్తుంది.

సంగీతకారుడిని సరిగ్గా వాడుకోవడం హారర్ దర్శకుడు జాన్ కార్పెంటర్‌కి తెలుసు. 1987లో 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో రాక్ గాయకుడు ఆలిస్ కూపర్‌ని పెట్టుకుని దాదాపు మాటలే ఇవ్వలేదు. ఊరికే నిలబడి చూడమన్నాడు. సైకిల్ ఫ్రేముతో పొడిచే సీనుకి వాడిన పరికరం కూడా కూపర్ తన స్టేజీ షోలో వాడేదే. ఆయనకి చేతనైనది ఆయన చేత చేయించుకోవడం, అంతే. జపాన్ బ్యాండు గిటార్ వోల్ఫ్ 1999 నాటి 'వైల్డ్ జీరో'లో ఇంకా ముందుకెళ్లింది. తోలు జాకెట్లు, నల్లకళ్లద్దాలు, జుట్టు దువ్వుకోవడం, అరవడం. జాంబీలు వస్తే కాల్చడం, చివర్లో గిటార్ మెడలోంచి కత్తి దూసి ఎగిరే పళ్లాన్ని నిలువునా చీల్చడం. మాటలు తక్కువ కాబట్టి ఎక్కడా అబద్ధంగా అనిపించదు. 'స్టూడియో 666' ఈ పాఠం సగమే నేర్చుకుంది. కార్పెంటర్ ఇందులో ఇంజనీర్‌గా చిన్న వేషం వేసి, కొడుకు కోడీతో, డేనియల్ డేవీస్‌తో కలిసి టైటిల్ సంగీతం కూడా ఇచ్చాడు మరి.

స్లేయర్ గిటారిస్టు కెర్రీ కింగ్ ఇందులో కరెంటు షాక్‌తో చచ్చిపోయే టెక్నీషియన్. నవ్వొస్తుంది గానీ స్టేజీ మీద అది నిజంగా జరిగే ప్రమాదం. గిటార్ యాంప్ ఒక ఎర్త్ మీద, మైకు ఉన్న సౌండ్ సిస్టమ్ ఇంకో ఎర్త్ మీద ఉండి, ఏదో ఒకటి సరిగా లేకపోతే, తీగల మీద చెయ్యి, మైకుకి పెదవి ఆనగానే సర్క్యూట్ మనిషి గుండా పూర్తవుతుంది. 1972లో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీదే ఇలా చనిపోయాడు. పందిట్లో జనరేటర్ మీద ప్రోగ్రామ్ ఇచ్చేవాళ్లు టెస్టర్ పెట్టి చూడకుండా మైకు ముట్టుకోకూడదు. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే సగం గండం గడిచినట్టే.

వాయిద్యం వాయించే సీన్లు తీయడంలో మూడు చోట్ల దెబ్బతింటారు. ముందే రికార్డయిన పాటని లొకేషన్‌లో వేస్తే డైలాగ్ మైకులో పాట కూడా పడుతుంది. అందుకని పాట ఆపేసి, 30, 40 హెర్ట్జ్ దగ్గర లయ మాత్రం కొట్టే 'థంపర్' వాడతారు. నటులకి నేలలోంచి దడదడ తెలుస్తుంది, తర్వాత ఫిల్టరు పెడితే మాట గొంతు చెడకుండా అది పోతుంది. రెండోది డ్రమ్ములతో పాటు వాయించే సింబళ్లు, అంటే తాళాలు. నిజమైన సింబల్ కొడితే పక్కనున్నవాడి మాట వినపడదు, రబ్బరో ప్లాస్టిక్కో పెడితే కొట్టినప్పుడు ఊగే తీరు వేరుగా ఉండి డ్రమ్మర్లందరూ పట్టేస్తారు. డ్రమ్మర్‌కి ఒక్క చప్పుడూ లేకుండా టేక్ తీసి, దగ్గరి షాట్లకి మాత్రం అసలు సింబళ్లు పెట్టడం ఉత్తమం. మూడోది ఫ్రేముల గొడవ. సెకనుకి 24 ఫ్రేములతో తీసినదాన్ని 25 ఫ్రేముల ఎడిట్ టైమ్‌లైన్‌లో పరిగెత్తిస్తే పాట 4 శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి ముప్పావు అర్ధస్వరం దాకా పైకి పోతుంది. చేతులు తాళంలోనే ఉంటాయి, చెవికి మాత్రం ఏదో వెలితి. మొదటిరోజే కెమెరాలో, రికార్డర్‌లో, ఎడిటింగ్‌లో ఒకే అంకె ఉందని చూసుకుంటే ఈ బాధ లేదు.

భయానికీ నవ్వుకీ తాళం ఒకటే, ఎత్తుగడ వేరు. చావుదెబ్బ సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బ మీద, పడితే జనం నవ్వుతారు, ఎందుకంటే వాళ్లు ముందే లెక్కపెట్టుకుని ఉన్నారు. సమానికి కొంచెం ముందో వెనకో పడితే ఉలిక్కిపడతారు. డ్రమ్మర్లున్న సినిమాకి ఇది తెలియాలి, చాలాచోట్ల తెలిసింది కూడా. జాఫీని, నటి విట్నీ కమింగ్స్‌ని మంచం మీదే మోటారు రంపంతో నిలువునా కోసే సీను సమం మీద పడ్డదే. ముందే తెలిసిపోతుంది, ఆగకుండా సాగుతూనే ఉంటుంది, అందుకే నవ్వు. షిఫ్లెట్ తలని బార్బెక్యూ మంటలకి ఆనించే సీను అలా కాదు.

ఈ హత్యల మేకప్ టోనీ గార్డ్‌నర్‌ది. కంప్యూటర్ బొమ్మల కన్నా చేత్తో చేసిన ముద్దలే ఎక్కువ కనిపిస్తాయి, సినిమాకి అదే బలం. నకిలీ తల చేయడానికి పద్ధతి దాదాపు అందరిదీ ఒకటే. ముఖం మీద ఆల్జినేట్ పోస్తారు, పళ్ల డాక్టరు నోట్లో పెట్టే మెత్తని ముద్ద అదే. చల్లని నీళ్లతో కలిపితే నెమ్మదిగా, వెచ్చని నీళ్లతో కలిపితే గబుక్కున బిగుస్తుంది. ముక్కు రంధ్రాలు మాత్రం తెరిచి ఉంచాలి, ఒక మనిషి పని కేవలం వాటిని చూస్తూ కూర్చోవడమే. బిగిశాక పైన విరిగిన చేతికి కట్టే పీఓపీ కట్టు పొరలు వేయాలి, లేకపోతే మెత్తని అచ్చు తీసేటప్పుడు వంగిపోతుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకోబెడితే బుగ్గలు చెవుల వైపు జారి ముఖం ఉబ్బినట్టు వస్తుంది. తీసిన అచ్చులో గంటలోపే ప్లాస్టర్ పోయాలి, ఆరిన ఆల్జినేట్ కుంచించుకుపోతుంది. ఇంతా చేస్తే వచ్చేది కళ్లు మూసుకున్న ముఖం. భయంతో తెరిచిన కళ్లు, అరిచే నోరు కావాలంటే మట్టితో మళ్లీ చెక్కాల్సిందే. కొత్తవాళ్లు ఇది మర్చిపోయి, షూటింగ్ రోజున ప్రశాంతంగా నిద్రపోతున్న తలని నరుకుతుంటారు.

రంపం సీన్లకి మంచానికి కన్నం పెట్టి, నిజమైన నటుడి తలా చేతులూ పైన, ఒళ్లంతా కింద దాచి, మధ్యలో నకిలీ మొండెం అమర్చడం పాత కిటుకు. రంపానికి గొలుసు తీసేస్తారు. చప్పుడు తర్వాత కలుపుతారు. నెత్తురు గొట్టం కెమెరాకి కనపడని వైపు నుంచి రావాలి, మొండెంలో గాటు ముందే కోసి మైనంతో మూసి ఉంచాలి. ఒకసారి చిమ్మాక మళ్లీ శుభ్రం చేసి రెండో టేకు పెట్టడానికి పూట పోతుంది కాబట్టి, ఒకేలాంటి బట్టలు కనీసం మూడు జతలుండాలి.

ఇక నెత్తురు. డిక్ స్మిత్ అనే మేకప్ దిగ్గజం వాడిన మిశ్రమం ఇలా ఉంటుంది: కార్న్ సిరప్ (మొక్కజొన్న పాకం), కొంచెం జింక్ ఆక్సైడ్, ఎరుపు ఫుడ్ కలర్, కాస్త పసుపు రంగు. జింక్ ఆక్సైడ్ లేకపోతే నెత్తురు షర్బత్‌లా వెలుతురు దాటనిస్తుంది. ఆయన బట్టలో ఇంకడానికి ఫోటోలు కడిగే ద్రావకం కూడా వేసేవాడు, అది విషం, నోటి దగ్గరికి రానివ్వకూడదు. దాని బదులు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు, నోట్లోకి పోయే నెత్తురుకైతే అదీ వద్దు, జింక్ ఆక్సైడ్ కూడా వద్దు. దాని స్థానంలో కొంచెం కార్న్‌ఫ్లోర్ ఉడికించి కలపాలి.

మన దగ్గర కార్న్ సిరప్ వెతుక్కోనక్కర్లేదు. కేకు సామాన్లమ్మే కొట్లో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. కప్పు గ్లూకోజ్‌కి పావు కప్పు గోరువెచ్చని నీళ్లు, రంగు చూసుకుంటూ ఎరుపు, అర టీస్పూను కోకో పొడి, ఒకే ఒక్క చుక్క నీలం. నీలం రెండో చుక్క పడితే నేరేడు రసమే. అదీ దొరకకపోతే పంచదార పాకం పట్టుకోవచ్చు గానీ, లేతగా ఉన్నప్పుడే దించి నిమ్మరసం పిండాలి. పిండకపోతే షూటింగ్ మధ్యలో పాకం మీద పలుకులు కట్టి, మెడ మీద నెత్తురు కాజా పైపూతలా మెరుస్తుంది. కుంకుమ కలపకండి, గరుకుగా అడుగున పేరుకుంటుంది, చర్మానికి మంట కూడా. కలిపిన రంగుని కళ్లతో కాదు, షూటింగ్ లైటు కింద కెమెరాలో చూసి తేల్చుకోవాలి. చవక ఎల్‌ఈడీల కింద బాగున్న ఎరుపు కూడా రంగు మారి కనిపిస్తుంది.

చిమ్మడానికి చేత్తో గాలి కొట్టే మందు పంపు సరిపోతుంది. పొలంలో పురుగుమందు కొట్టింది కాకుండా కొత్తది కొనాలి, ఇందులో బేరం లేదు. గొట్టం లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లకి తగ్గితే చిక్కటి నెత్తురు రాదు, ముక్కుతుంది, ఆగుతుంది, ఆఖరికి దర్శకుడు కట్ చెప్పాక చిమ్ముతుంది. పంపులో పోసేదాన్ని మూడు వంతుల నెత్తురుకి ఒక వంతు నీళ్లు కలిపి పల్చన చేసి, వడగట్టి పోయాలి. ముఖానికి, గాయం అంచులకి రాసేది మాత్రం చిక్కగానే ఉంచాలి. రెండు సీసాల మీద పేర్లు రాసుకోండి.

సినిమాలోని కల్పిత బ్యాండు పాటల్ని గ్రోల్ డ్రీమ్ విడో పేరుతో నిజంగానే ఆల్బమ్‌గా చేసి వదిలాడు. అది 2022 మార్చి 25న వచ్చింది. అదే రోజు టేలర్ హాకిన్స్ బొగొటాలో, యాభై ఏళ్లకే, చనిపోయాడు. విడుదలై సరిగ్గా నెలైన సినిమాలో బ్యాండువాళ్లు సరదాగా చస్తుంటే అప్పుడు నవ్వినవాళ్లు చాలామంది రెండోసారి చూడలేకపోయారు. హాల్లో డ్రమ్స్ ముందు హాకిన్స్ కూర్చున్న సీన్లలో మాత్రం అతను నటించడం లేదు, వాయిస్తున్నాడు.

నెత్తుటి సీను తీశాక నేల వెంటనే వేడినీళ్లతో తుడవాలి. ఆరిపోతే చెప్పు అతుక్కుంటుంది, తడిగా ఉంటే కాలు జారుతుంది, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి చీమలు బారులు తీరి ఉంటాయి. తెల్లచొక్కా మీద ఎరుపు రంగు మాత్రం పోదు. ఆ చొక్కా దాచుకోండి, రెండో రోజు సీను కొనసాగింపుకి పనికొస్తుంది.